కాయల మీద బంతి పడకూడదు

రండ్రండి, ఇలా దగ్గరికి జరగండి. టీ గ్లాసులు కింద పెట్టండి. ఆ గోడ దగ్గర పత్తి రేటు గురించి కొట్టుకుంటున్న వాళ్ళిద్దరూ కాస్త నోరు కట్టేసుకోండి. మీరు అరిచినా అరవకపోయినా రేపటి రేటు రేపే తెలుస్తుంది. బండి మీద పాటలు పెట్టినాయనా, ఆ పాట ఆపెయ్యి. ఈ కథలో అబద్ధం ఒక్కటీ లేదు. కాస్త పొడుగ్గా ఉంటుంది, అంతే. కథలో మనిషే పొడుగు, నేనేం చెయ్యను.

ఆ మనిషి పేరు హెలెన్. చీరాల పిల్ల. ఆరడుగుల మీద ఎన్ని అంగుళాలుందో చీరాల్లో ఎవరికీ తెలీదు. కొలుద్దామని ఎక్కిన ప్రతివాడికీ స్టూలు చాల్లేదు. చిన్నప్పుడు వాళ్ళ చర్చి గంటకి తాడు తెగిపోతే, కొత్త తాడు వచ్చేదాకా ఆదివారం ఆదివారం ఆ పిల్లే కింద నిలబడి చేత్తో గంట కొట్టిందట. అలాంటి పిల్ల చేతికి ఎవరో ఒక బాస్కెట్‌బాల్ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళకి ఆ బంతి మళ్ళీ కనపడలేదు.

ముందు రైల్వే జట్టుకి ఆడింది. తర్వాత థాయ్‌లాండ్‌లో జీతమిచ్చి ఆడించే క్లబ్బుకి వెళ్ళి అక్కడ ఏళ్ళ తరబడి ఆడింది. దూరం నుంచి ఆమె బంతి వేస్తే, అది రింగులో పడేలోపు జనం బయటికెళ్ళి నూడుల్స్ కొనుక్కుని తిరిగొచ్చి కూర్చునేవాళ్ళు. అంత పైకి వెళ్ళేది. వేశాక ఆమె చెయ్యి దించేది కాదు. బంతి వలలో జారిన చప్పుడు వినేదాకా అలా చెయ్యెత్తి బొమ్మలా నిలబడేది. ఉన్నది ఒక్కటే లోటు. చేతికొచ్చిన బంతిని పక్కవాళ్ళకి ఇచ్చిన దాఖలా ఆమె జన్మలో లేదు. "మరి మిగతా నలుగురూ ఎందుకు?" అని ఎవరైనా అడిగితే, "అయిదుగురు లేకపోతే ఆట మొదలుపెట్టనివ్వరుగా" అనేది.

ఒకరోజు ఎగిరి దిగేటప్పుడు ఆమె మోకాల్లో ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. డాక్టరు నడవొచ్చన్నాడు, మెట్లెక్కొచ్చన్నాడు, ఎగరొద్దన్నాడు. ఎగరకుండా ఆడే బాస్కెట్‌బాల్‌కి జీతం ఎవరిస్తారు? సామాను సర్దుకుని చీరాల వచ్చేసింది.

వచ్చాక ఆమెకి ఒక సంగతి అర్థమైంది. చేతిలో బంతి ఉన్నంతకాలం ఆమె హెలెన్. బంతి లేకపోతే అటక మీద సామాను దించే మనిషి. ఎదురింటావిడ ఆవకాయ జాడీ దించమంది. పక్కింటాయన బల్బు మార్చమన్నాడు. మగ్గాల షెడ్డులో ఒకాయన దూలం మీది పిచ్చుక గూడు చూపించి, గుడ్లున్నాయేమో కాస్త చూసి చెప్పమన్నాడు. అందరూ మంచివాళ్ళే. పని అయ్యాక టీ కూడా ఇచ్చేవాళ్ళు. ఆ టీ తాగుతూ హెలెన్ తన చేతులకేసి చూసుకునేది. ఇంతింత చేతులు, ఏమీ లేకుండా ఒళ్ళో పడి ఉండేవి.

అలాంటి రోజుల్లో పొదిలి అవతల ఒక డిగ్రీ కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ వేణుగోపాల్ గారు ఫోన్ చేశారు.

"మేడమ్, మా ఆడపిల్లల జట్టుకి కోచ్ కావాలండి."

"ఎలా ఆడతారు సార్?"

"చాలా క్రమశిక్షణ గల పిల్లలండి."

"ఆట సంగతి అడుగుతున్నా సార్."

"యూనివర్సిటీ పోటీల్లో ఇంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదండి. కానీ ఓడిపోయాక చాలా మర్యాదగా షేక్‌హ్యాండ్ ఇస్తారు."

ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "మా సెక్రటరీ గారు ఆ కోర్టు తీసేసి కాలేజీ బస్సులు పెట్టుకుందామంటున్నారు. ఈ ఒక్క ఏడాది ఆగమని బతిమాలాను. ఈసారి ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవండి చాలు. కోర్టు ఉంటుంది, మీరూ ఉంటారు. లేకపోతే బస్సులుంటాయి."

అప్పటికి హెలెన్ చేతిలో ఎవరిదో ఇత్తడి గంగాళం ఉంది. దాన్ని కింద పెట్టి, "రేపే వస్తున్నా సార్" అంది.

మాఘమాసం ఎండ. బస్సు కిటికీలోంచి చూస్తే దారికి అటూ ఇటూ ఏరేసిన పత్తి చేలు, మధ్యలో పండి ఎర్రబడిన మిరపచేలు. కాలేజీ గేటు దగ్గర దిగి లోపలికి చూసిన హెలెన్‌కి అడుగు పడలేదు. దూరాన కోర్టు ఎర్రగా, నాలుగు మూలలూ దారం పట్టి గీసినట్టు మెరిసిపోతోంది. థాయ్‌లాండ్‌లో కూడా బాగా డబ్బున్న క్లబ్బులకే అలాంటి ఎర్ర సింథటిక్ కోర్టులుండేవి. పొదిలి అవతల ఇంత కోర్టు వేయించిన మహానుభావుడెవరా అనుకుంటూ, మోకాలి సంగతి మర్చిపోయి గబగబా నడిచింది. సగం దూరం వెళ్ళేసరికి ముక్కులో ఏదో చురుక్కుమంది. ఆ తర్వాత వచ్చిన తుమ్ముకి గేటు దగ్గర వాచ్‌మన్ పానకాలు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"కొత్తా మేడమ్?" అన్నాడు పానకాలు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "అలవాటయిపోద్దిలెండి. మొదట్లో తుమ్ములాగవు. పోనుపోను ఈ ఘాటు లేకపోతే ముద్ద దిగదు."

కోర్టు కాదది. మిరపకాయలు. ఈ రింగు కింద నుంచి ఆ రింగు కింద దాకా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కన బోర్లించిన తట్ట మీద, నల్ల గొడుగు కింద ఒకావిడ కూర్చుని ఉంది. చేతిలో వెదురు కర్ర. కర్ర కోళ్ళకోసమో మనుషులకోసమో చెప్పడం కష్టం. ఆవిడ పేరు అంకమ్మ. నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసిన మనిషి.

"అమ్మా, ఇది బాస్కెట్‌బాల్ కోర్టు," అంది హెలెన్.

"తెలుసు. అందుకే పోశా," అంది అంకమ్మ. "ఈ చుట్టుపక్కల ఇంత చదునైన సిమెంటు ఇంకోటి లేదు. మట్టి కల్లంలో పోస్తే కాయకి దుమ్ము పట్టుద్ది. రోడ్డు మీద పోస్తే లారీలెక్కుతయ్. ఇక్కడయితే గీతలు కూడా గీసున్నయ్, ఎవరి కాయలు ఎందాకో తగాదా రాదు."

"మేం ఇక్కడ ఆడుకోవాలమ్మా."

"ఆడుకోండి, ఎవరొద్దన్నారు? కోతలు అయిపోయినాక."

"ఎప్పుడైపోతాయి?"

"ఉగాది దాటినాక."

పోటీలు ఉగాదికి చాలా ముందే ఉన్నాయి. హెలెన్ తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. వేణుగోపాల్ గారు ఆమెని కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు.

"మేడమ్, పైనుంచి ఆర్డరొస్తే తిరగరాయించుకోవచ్చు. కానీ ఒకళ్ళు ఆరబోసిన కాయల్ని ఇంకొకళ్ళు కదపకూడదండి. ఇక్కడ అంతే. ఎక్కడ చదునుంటే అక్కడ ఎవరు ముందు పోస్తే వాళ్ళది, ఎండేదాకా దేవుడొచ్చినా పక్కనుంచి పోవాలి. నిరుడు నేను కారు వెనక్కి తీస్తే నాలుగు కాయలు నలిగాయి. నేను ఎం.ఏ., పీహెచ్.డీ. ఇప్పటికీ ఊళ్ళో నన్ను కాయలు తొక్కినాయన అంటారు."

సాయంత్రం జట్టు పిల్లలొచ్చారు. అందరికంటే ముందు వచ్చింది గీతాంజలి. సూటి చూపు, బిగించి కట్టిన జడ. ఆమె అంకమ్మ మనవరాలే. వెనక జుబేదా, కాలు ఒకచోట నిలవని పిల్ల. ఆమె వెనక శిల్ప, ఇంకా కొందరు.

"మీ అమ్మమ్మకి నువ్వైనా చెప్పమ్మా," అంది హెలెన్.

"జరపదు మేడమ్," అంది గీతాంజలి. "మా తాతకి గుండెల్లో నొప్పొస్తే కూడా, కాయలకి పట్టా కప్పినాకే ఆటో ఎక్కింది."

"అయ్యో. తాతకి ఎలా ఉంది?"

"బానే ఉన్నాడు మేడమ్. పట్టా రెండో కొస పట్టుకుంది ఆయనే."

కాయలు తిరగెయ్యడానికి అంకమ్మ మధ్యమధ్యలో జానెడు దారులు వదిలింది. హెలెన్ చూపు వాటి మీద పడింది. మళ్ళీ తట్ట దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె నీడ పడేసరికి అంకమ్మ గొడుగు ముడిచేసింది.

"ఆ దారుల్లో నిలబడి ఆడుకుంటాం."

"కాలు కాయ మీద పడకూడదు."

"పడదు."

"బంతీ పడకూడదు."

"బంతి నేలకి కొట్టకుండా ఈ ఆట ఆడరమ్మా."

"అయితే ఇంకో ఆట ఆడుకోండి. బంతి పడితే కాయ పగులుద్ది. పగిలిన కాయని గుంటూరు యార్డులో ముట్టుకోరు. అందుకని ఎవరి చేతిలోంచి పడితే వాళ్ళు ఇక్కడ నా పక్కన కూచోని పొద్దుగూకేదాకా తాలు ఏరాలి."

తాలంటే ఎర్రకాయల మధ్య తెల్లబడిపోయిన కాయలు. వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పడెయ్యాలి. వేళ్ళు మండుతాయి, ఆ వేలు కంటికి తగిలితే మనిషి ఒంగోలు దాకా పరిగెడతాడు. మొదట్లో జట్టంతా ఆడిందానికంటే తాలు ఏరిందే ఎక్కువ. ఆ ఏడాది అంకమ్మ కాయలంత శుభ్రమైన కాయలు జిల్లాలో లేవు. ఆవిడకి లోపల సంతోషంగానే ఉంది కానీ పైకి మాత్రం, "ఇంకోటి పడేశారూ, ఏం పిల్లలే మీరు" అని సణిగేది.

పోనుపోను బంతి పడటం తగ్గింది. ఎవరి దారిలో వాళ్ళు నిలబడి, చేతిలోంచి చేతిలోకి, చేతిలోంచి చేతిలోకి. రెండడుగులు కూడా నడిచే చోటు లేదు కాబట్టి బంతి ఒక్క క్షణం ఎక్కడా ఆగదు. రింగుల కింద అయితే కాయలు కుప్పపోసి ఉన్నాయి. అందుకని ఎవరైనా బంతి వేస్తే, అది వలలోంచి జారి కింద పడేలోపు పట్టుకోవడానికి ఇద్దరు దూకాలి. అందరికీ ఒకేసారి తుమ్మొస్తే బంతి పడుతుంది కనుక వంతులవారీగా తుమ్మడం నేర్చుకున్నారు. బంతి ఎప్పుడు చూసినా గాల్లోనే ఉండటంతో ఒక గద్ద రోజూ సాయంత్రం వచ్చి దాని వెనకాలే తిరిగేది. జత దొరికిందనుకుంది పాపం.

కాయలు గోతాల్లోకి ఎత్తడానికి బుల్లయ్య అని ఒకాయన వచ్చేవాడు. గోతాలు నింపి, దబ్బనంతో మూతి కుట్టి, ఆ దబ్బనం చెవి మీద పెట్టుకుని, పిల్లల ఆట చూస్తూ నిలబడేవాడు. చూసేది బంతిని కాదు. రింగుకి వేలాడే వలని. దానికేసి చాలాసేపు చూసి, తల అడ్డంగా తిప్పి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు.

హెలెన్‌కి మాత్రం ఇదంతా మింగుడు పడలేదు. ఇది ఆట కాదు, కాయల కాపలా అనుకుంది. ఒక సాయంత్రం ఇక తట్టుకోలేక, "అసలు బంతి ఎలా వెయ్యాలో చూడండి" అని బంతి లాక్కుని అవతలి రింగు దగ్గర నిలబడి ఇవతలి రింగులోకి వేసింది. మోకాలు పోయినా చెయ్యి పోలేదు. బంతి లేచింది. గద్దని దాటి లేచింది. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. హెలెన్ చెయ్యెత్తి బొమ్మలా నిలబడింది. బంతి రింగుకి తగలకుండా వలలోంచి జారింది. ఎంత హాయిగా ఉందో ఆమెకి. చాలా రోజుల తర్వాత విన్న చప్పుడది. దాని వెనకే ఇంకో చప్పుడు వినిపించింది, కాయల కుప్పలో ధబ్‌మని.

"ఎవరది?" అంది అంకమ్మ, తల తిప్పకుండానే.

పిల్లలందరూ ఆకాశంలోకి చూశారు. శిల్ప అయితే మేఘాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నేనే," అంది హెలెన్.

"కూచో."

"నేను కోచ్‌ని అమ్మా."

"కాయకి తెలవదుగా ఆ సంగతి. కూచో."

హెలెన్ కూర్చుంది. ఒకసారి కింద కూర్చున్నాక ఆ మోకాలితో తొందరగా లేవడం కుదరదు. ఇంతింత చేతులతో చిటికెన వేలంత తాలుకాయలు ఏరుతూ, చేసేదేమీ లేక పిల్లల ఆట చూడటం మొదలుపెట్టింది. ఆమె జీవితంలో బంతి తన చేతిలో లేకుండా ఆట చూడటం అదే మొదలు. ఆడే రోజుల్లో బెంచీ మీద కూర్చోబెడితే తువ్వాలు నెత్తిన కప్పుకునేది.

కింద నుంచి చూస్తే ఆట వేరేగా ఉంది. జుబేదా బంతి రాకముందే దారి మారుస్తోంది. గీతాంజలి రింగుకేసి అసలు చూడటం లేదు. ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో వెతుకుతోంది, అంతే. ఖాళీ చేతులు కనపడగానే బంతి అక్కడికి వెళ్ళిపోతోంది. తన పక్కన ఆడిన నలుగురు ఆడపిల్లలు గుర్తొచ్చారు హెలెన్‌కి. వాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి, చొక్కాల మీద నంబర్లు గుర్తొచ్చాయి. వాళ్ళ చేతులు ఎలా ఉండేవో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"శిల్పా," అంది ఉన్నట్టుండి, "ఒక దారి ఎడమకి జరుగు. నీ చేతులు గీతాంజలికి కనపడటం లేదు."

శిల్ప జరిగింది. బంతి ఠక్కున ఆమె చేతిలో వాలింది.

"చూశావా," అంది అంకమ్మ. "కూచుంటేగానీ నీకు కళ్ళు రాలా."

మర్నాడు హెలెన్ ఏమీ పడెయ్యకుండానే వచ్చి ఇంకో తట్ట బోర్లించి కూర్చుంది. "పిన్నీ, ఆ తాలు ఇటు జరపండి" అంది. ఆ రోజు నుంచి ఆమె కోచ్.

పోటీలు గుంటూరులో. అదే రోజు అంకమ్మ టిక్కీలు, అంటే కాయల బస్తాలు, గుంటూరు యార్డుకి వెళ్తున్నాయి. సరుకు దింపించి, అంకమ్మా బుల్లయ్యా ఆటో ఎక్కి బ్రాడీపేట మీదుగా స్టేడియానికి వచ్చి గ్యాలరీలో పైన కూర్చున్నారు. ఆవిడ గొడుగు ఆవిడ ఒళ్ళోనే ఉంది. కర్ర మటుకు గేటు దగ్గర తీసేసుకున్నారు.

ఎదుటి జట్టు తాడేపల్లి వైపు ఒక పెద్ద కాలేజీది. అందరికీ ఒకే రంగు బూట్లు, వీపుల మీద ఇంటిపేర్లు. నేల చెక్కది. మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నునుపు. మన పిల్లలు ఆ నేలని చూసి బూట్లు బయట విప్పాలేమోనని కాసేపు నిలబడిపోయారు.

ఈల మోగింది. అక్కడే వచ్చింది చిక్కు. ఇన్నాళ్ళూ జానెడు దారిలో నిలబడ్డ పిల్లలకి అంత ఖాళీ నేల ఒక్కసారిగా దొరికేసరికి, పలుపు విప్పిన దూడలైపోయారు. బంతి చేతికొచ్చినవాళ్ళు వచ్చినట్టే నేలకి కొట్టుకుంటూ పరుగు. నేలకి కొట్టడం వాళ్ళకి రాదు, అది ఎప్పుడు నేర్చుకున్నారు గనక. శిల్ప కొట్టిన బంతి శిల్ప కాలికే తగిలి అవతలి జట్టుకి పోయింది. జుబేదా బంతి కొట్టుకుంటూ గీత దాటి, తలుపు దాటి, సమోసాలమ్మే బల్ల దగ్గర తేలింది. అవతలి వాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూనే ఉన్నారు. స్కోరు వేసే అబ్బాయి మనవైపు అంకె మార్చడం మర్చిపోయి టిఫిన్ తింటున్నాడు.

హెలెన్ బెంచీ మీద కూర్చుంది, లేచింది, మోకాలు గుర్తొచ్చి కూర్చుంది. "నాకివ్వండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. కళ్ళ ముందు కోర్టు మీద వరసగా బస్సులు నిలబడ్డాయి. ఆ బస్సుల వెనక చీరాల, ఆ చీరాల్లో అటకలు, అటకల మీద జాడీలు.

విరామంలో పిల్లలు తలలు దించుకుని వచ్చారు.

"ఏమైంది?" అంది హెలెన్.

"నేల మరీ ఎక్కువగా ఉంది మేడమ్," అంది గీతాంజలి.

హెలెన్ తల ఎత్తింది. పైన గ్యాలరీలో అంకమ్మ ఒళ్ళో నల్ల గొడుగు కనపడింది. మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి అక్కడికి వెళ్ళింది.

"పిన్నీ, మీరు కిందికొచ్చి మా బెంచీ వెనక కూచోవాలి."

"ఎందుకే?"

"ఆ నేల మీద కాయలు ఆరబోసున్నాయనుకోండి."

అంకమ్మ వంగి నేలకేసి చాలాసేపు చూసింది. "చెక్క మీద ఎవరు పోస్తారు? అడుగున చెమ్మ పట్టుద్ది. నేనయితే పొయ్యను."

"పోశారనుకోండి పిన్నీ."

"పోస్తే మటుకు ఇక్కడ ఎండేడుంది?"

"ఎండక్కర్లేదు. ఈ ఆట అయ్యేదాకా కాపలా కాస్తే చాలు."

"లేని కాయలకి కాపలా," అంటూనే అంకమ్మ లేచింది. "ఏం రకమని చెప్పుకోను? తేజానా, మామూలు కాయలా?"

"తేజా."

"అయితే జాగర్తగా ఉండాల్సిందే," అని కిందికొచ్చి, బెంచీ వెనక మొదటి వరసలో కూర్చుని, అలవాటు కొద్దీ గొడుగు తెరిచింది.

రిఫరీ వచ్చాడు. "అమ్మా, లోపల ఎండ లేదు, వాన లేదు. గొడుగెందుకు?"

"నీ మెళ్ళో ఈల ఎందుకు నాయనా? ఎవరి పని వాళ్ళది," అంది అంకమ్మ. గొడుగు గురించి ఆయన చదివిన రూల్సులో ఏమీ లేదు. వెళ్ళిపోయాడు.

పిల్లలు గొడుగు చూశారు. ఒక్క క్షణం అందరూ కాళ్ళ కిందికి చూసుకున్నారు. ఎవరి దారి వాళ్ళకి కనపడింది.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ గుంటూరులో చెప్పుకుంటారు. బంతి నేలని ముట్టుకోలేదు. చేతిలోంచి చేతిలోకి, చేతిలోంచి చేతిలోకి, అవతలి వాళ్ళు ఇటు తిరిగేసరికి అటు. వాళ్ళ కెప్టెన్ మెడ తిప్పీ తిప్పీ, ఆ సాయంత్రం ఇంటికి పక్కకి చూస్తూనే నడిచి వెళ్ళిందట. వాళ్ళ కోచ్ లేచి, "సార్, వీళ్ళు బంతి నేలకి కొట్టడం లేదు" అని ఫిర్యాదు చేశాడు. రిఫరీ పుస్తకం తెప్పించి వెతికాడు. కొట్టి తీరాలని ఎక్కడా లేదు. ఇంకో తకరారు వచ్చింది. మనవాళ్ళు వేసిన బంతి వలలోంచి జారగానే మనవాళ్ళే ఇద్దరు దూకి పట్టేస్తున్నారు. "అలా పట్టుకోకూడదమ్మా, అది అవతలి వాళ్ళకి వదిలెయ్యాలి" అని రిఫరీ హెచ్చరించాడు. వదిలేస్తే కాయలు పగలవూ? అందుకని పట్టుకున్న మరుక్షణం అవతలి వాళ్ళకి రెండు చేతులా అందించి, "తీసుకోక్కా" అనేవాళ్ళు. అంత మర్యాద మీద ఈల ఊదడానికి ఆయనకి మనసొప్పలేదు.

స్కోరు దగ్గరపడింది. టిఫిన్ అబ్బాయికి చెయ్యి కడుక్కునే తీరిక లేదు. చివరికి ఒక్క పాయింటు వెనక ఉన్నాం, గడియారంలో గుక్కెడు సమయం మిగిలింది. అప్పుడు బంతి గీతాంజలి చేతికొచ్చింది.

గీతాంజలి నిలబడ్డ చోటు హెలెన్‌కి బాగా తెలుసు. అన్నేళ్ళూ ఆమె బంతి వేసింది అక్కడి నుంచే. అక్కడి నుంచి తను వేస్తే పడుతుంది. పడి తీరుతుంది. హెలెన్ కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. గీతాంజలి బెంచీ వైపు చూసింది, వెయ్యమంటారా అన్నట్టు.

హెలెన్ ఎడమచేత్తో కుడిచేతిని పట్టి కిందికి లాగి, దాని మీద కూర్చుంది.

"చేతులు చూడు," అంది.

గీతాంజలి తల తిప్పింది. రింగు కింద జుబేదా చేతులు ఖాళీగా ఉన్నాయి. బంతి అక్కడికి వెళ్ళింది. జుబేదా పైకి తోసింది. రింగు మీద ఒకసారి తిరిగి, ఇంకోసారి కూడా తిరిగి, లోపలికి జారింది. సైరన్ మోగింది. ఆట అయిపోయింది, గెలిచేశారు, ఇక ఆ బంతితో ఎవరికీ పనిలేదు. అయినా శిల్పా, గీతాంజలీ ఇద్దరూ ఎటునుంచి వచ్చారో వచ్చి, బోర్లా దూకి, నేలకి బెత్తెడు ఎత్తులో దాన్ని పట్టేశారు.

అంకమ్మ గొడుగు ముడిచింది. "ఒక్క కాయ పగల్లా," అంది.

జట్టుతో పాటు వచ్చిన వేణుగోపాల్ గారు అక్కడి నుంచే సెక్రటరీకి ఫోన్ చేసి, బస్సుల్ని ఇంకెక్కడైనా చూసుకోమన్నారు. ఆ మాట మామూలుగా చెప్పడానికి ఆయన చాలా కష్టపడ్డారు. మాట చివర గొంతు పిల్లాడి గొంతులా పైకి లేచిపోయింది. ఫోన్ పెట్టేసి హెలెన్ దగ్గరికి వచ్చి, "మేడమ్, పొదిలిలో మీకు ఇల్లు చూస్తాను. గుమ్మం ఎత్తుగా ఉండేది" అన్నారు.

తర్వాతి మ్యాచ్‌లో మనవాళ్ళు ఓడిపోయారు లెండి. అంకమ్మకి ఊరెళ్ళే బస్సు టైమైంది, గొడుగు వెళ్ళిపోయింది. ఓడిపోయాక చాలా మర్యాదగా షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

బస్సుకి బయల్దేరే ముందు కోర్టు పక్కనే నిలబడి అంకమ్మ హెలెన్‌తో, "వచ్చే ఏడు కూడా అక్కడే పోస్తా. ముందే చెప్తన్నా" అంది.

"పొయ్యండి పిన్నీ. దారులు మాత్రం కాస్త వెడల్పుగా వదలండి."

"జానెడే," అంది అంకమ్మ.

హెలెన్ నవ్వుతూ తిరిగేసరికి ఎదురుగా బుల్లయ్య నిలబడి ఉన్నాడు. చెవి మీది దబ్బనం తీసి, పురికొస ఎక్కించి సిద్ధంగా ఉన్నాడు. ఆయన ఎవరితోనైనా మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

"పిల్లలు బానే కష్టపడ్డారు మేడమ్," అన్నాడు బుల్లయ్య. "కానీ ఊళ్ళో మన కోర్టులో చూసినప్పటి నుంచీ చెబుదామనే అనుకుంటన్నా, మళ్ళీ మీరేమనుకుంటారోనని ఊరుకున్నా. ఇక్కడా అదే వరస. ఆ సంచీకి అడుగు లేదు. ఎంత వేసినా కారిపోతంటే పిల్లలు మాత్రం ఎన్నిసార్లని వేస్తారు? మీరు పొడుగేగా, కాస్త దాన్ని దించి ఇయ్యండి, రెండు కుట్లేసి ఇస్తా."